చక్రాల గదిలో కుంపటి

1976 డిసెంబరు 2, గురువారం

రాత్రంతా రేకు చెమర్చింది. తెల్లారి చూస్తే మాణిక్యం దుప్పటి మీద చినుకులు పడ్డట్టు తడి. వాన లేదు, మబ్బు లేదు. మా ఊపిరే పైకి పోయి, రేకుకి తగిలి, మళ్ళీ మా మీదే పడుతోంది. ఈ చక్రాల గదిని చేసినవాడెవడో గాని, చలికాలం ఒక్క రాత్రి ఇందులో పడుకుని ఉండడు.

సర్వే క్యాంపుల కోసం చేయించారట. జీపుకి తగిలించుకుని లాక్కుపోయేవాళ్ళు. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ పని మొదలయ్యాక స్టోర్సు పక్కన దించి, స్టోర్‌కీపర్ ఉంటాడులే అన్నారు. ఆ స్టోర్‌కీపర్ని నేను. రెండు బల్లలు, చేతెడు కిటికీ, సరిగ్గా పడని తలుపు, పైకప్పులో గాలికి ఒక కన్నం, దానికి తుప్పు పట్టిన మూత. పెళ్ళాంతో కాపరానికి ఇంతకంటే ఏం కావాలి నాగేశ్వర్రావూ, నీ మొహానికి.

డిసెంబరు 4

మాణిక్యం కూర్చునే నిద్రపోయింది, మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని. పడుకుంటే ఊపిరి అందదు. ఛాతీలో పిల్లి కూతలు నాకు బల్ల ఇవతలకి వినపడుతున్నాయి.

కృష్ణ మీద నుంచి తెల్లవారుజామున వచ్చే గాలి... ఢిల్లీలో పనిచేసొచ్చిన వెల్డరు నవ్వుతాడు, ఇదీ ఒక చలేనా అని. వాడి పెళ్ళానికి ఉబ్బసం లేదు.

డిసెంబరు 5

బెజవాడ తీసుకెళ్ళి చూపించా. డాక్టరు గారు మంచాయనే. "చలిగాలి తగలనివ్వకండి. పొగ అసలు తగలనివ్వకండి." చిన్నప్పట్నించీ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టిందని చెప్పా. నూలు దూది ఊపిరితిత్తుల్లోకి పోయుంటుంది అన్నారు. మా ఊరు పంపించెయ్యనా అంటే, అక్కడింకా దూదే గదా అన్నారు.

చలి వద్దంటే నిప్పు కావాలి. నిప్పంటే పొగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అదే మాట ఆయన్నడిగా. చీటీ రాస్తూ తలొంచుకున్నారు.

డిసెంబరు 6

ఊళ్ళో గది కోసం మళ్ళీ తిరిగా. ప్లాంటు పని వచ్చాక గొడ్ల పాకలు కూడా ఖాళీ లేవు. ఒకాయన చూపిస్తానన్నాడు. మాణిక్యం గుమ్మంలో నిలబడి దగ్గింది.

"టీబీ కాదు గదండీ?"

"కాదండీ. ఉబ్బసం."

"అదేలెండి," అని తాళం మళ్ళీ వేసేశాడు.

డిసెంబరు 8

గోడలకి లోపల సిమెంటు గోనెలు కొట్టా. రేకు చల్లదనం ఆగుతుందని నా తెలివి. దులిపా, ఉతికా, ఆరేశా. అయినా రాత్రి గోనె నుంచి బూడిద రాలి మాణిక్యం దగ్గి దగ్గి కళ్ళు తేలేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. తెల్లారకముందే అన్నీ పీకి పారేశా.

డిసెంబరు 9

వెల్డింగు లైను నుంచి ఎలక్ట్రీషియన్ ఒక వైరు లాగిచ్చాడు. హీటరు కాయిల్ పెట్టా. గంట సేపు ఎర్రగా, ఎంత బాగుందో. మాణిక్యం రెండు చేతులూ చాపింది. తర్వాత నేను తలుపు పట్టుకుంటే భుజం దాకా కరెంటు కొట్టింది. గదంతా రేకు, రేకంతా తడి. ఇంకా నయం, తను ముట్టుకోలేదు.

వైరు పీకేశా. ఊరందరికీ కరెంటు తయారుచేసే చోట ఉద్యోగం, ఇంట్లో లాంతరు.

డిసెంబరు 10

చలి. ఆయాసం. ఏం రాయను.

డిసెంబరు 12, ఆదివారం

అత్తయ్య దిగింది. చల్లపల్లి అవతల మా ఊళ్ళో పొద్దున బస్సెక్కి, బెజవాడలో మారి, ఇక్కడ స్టాపు నుంచి నడిచి. ఈ వయసులో. చేతిలో సంచీ, ఒంటి మీద ఒక చీర, సంచీలో ఇంకో చీర — గోధుమ రంగుది, ఎర్ర అంచు. వాళ్ళ మగ్గం మీదే నేసింది. దానికి కండెలు చుట్టింది మాణిక్యమే, ఇంకా ఊపిరి ఉన్న రోజుల్లో.

గది చుట్టూ తిరిగి చూసింది. చక్రాలు కాలితో తన్నింది. "ఒరే, నా కూతుర్ని బండిలో పెట్టావట్రా," అంది. అత్తగారు అల్లుణ్ణి ఒరే అనడం మా ఇంట్లోనే. పిల్లనివ్వకముందు నుంచీ మేనత్తే గదా.

నా బల్ల ఆవిడకిచ్చా. నేలే నాకు అలవాటు అని ఆవిడ బల్లల మధ్య చాప పరుచుకుంది. నేను స్టోర్సు వరండాలో, కేబుల్ చుట్టల పక్కన పడుకుంటున్నా.

డిసెంబరు 14

అత్తయ్య పోరు పడలేక బెజవాడ నుంచి కుంపటి తెచ్చా. ఇనప్పది. బొగ్గులు కూడా.

పద్ధతి ఇది: బయట రాజెయ్యాలి. పొగంతా పోయి, బొగ్గు ఎర్రబడి, పైన బూడిద తెల్లగా పట్టాక అప్పుడు లోపల పెట్టాలి. పైకప్పు కన్నం తెరిచే ఉండాలి. ఈ చివరి మాట ఆవిడకి నచ్చలేదు.

డిసెంబరు 15

మాణిక్యం పడుకుని నిద్రపోయింది. పడుకుని.

రేకు చెమర్చలేదు. లోపల అడుగు పెడితే మా అమ్మ పొయ్యింట్లోకి వెళ్ళినట్టుంది. అత్తయ్య కుంపటి పక్కన కూర్చుని, "చూశావా, నిప్పుని మించిన వైద్యుడు లేడు," అంది. ఒప్పుకున్నా.

డిసెంబరు 18

కన్నం దగ్గర రోజూ యుద్ధం.

నేను మూత తీస్తా. ఆవిడ బల్ల ఎక్కి మూస్తుంది. పొద్దున నేను వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు తెరిచి ఉంటుంది. మాణిక్యం చెప్పేసింది, "అమ్మ మూస్తోంది బావా" అని.

"వెచ్చదనమంతా ఆ కన్నంలోంచి పోతుంటే చూస్తా కూర్చోమంటావా?"

"గాలాడాలి అత్తయ్యా."

"గాలి దూరితే పడుగు తెగుద్ది. మనిషైనా అంతే."

మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణే నేనూ. నేసేటప్పుడు తలుపులు వేస్తాం, కిటికీలకి గుడ్డలు కుక్కుతాం. పొడిగాలి తగిలితే పోగులు టప్ టప్‌మని తెగుతాయి. చిన్నప్పుడు తలుపు తీసిపెట్టి నేనెన్ని దెబ్బలు తిన్నానో. ఆవిడ బతుకంతా మూసిన గదిలో, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని గడిచింది. గాలంటే ఆవిడకి శత్రువు.

డిసెంబరు 20

స్టోర్సు ట్రాక్టరు తోలే దానియేలు వచ్చి కుంపటి చూశాడు. మంచివాడు, మాట మెత్తన. తెలిసిన లారీ క్లీనరొకడు క్యాబిన్‌లో కుంపటి పెట్టుకుని అద్దాలెత్తి పడుకున్నాడట. పొద్దున లేవలేదట.

"పొగ ఉండదండీ, వాసనా ఉండదు. నిద్రలోనే తీసుకుపోద్ది. ఆ కన్నం మాత్రం మూయొద్దండీ."

అత్తయ్య వింటూనే ఉంది. దానియేలు వెళ్ళాక, "లారీ వేరు, ఇల్లు వేరు. మన ఇళ్ళల్లో బాలింతరాళ్ళకి కుంపట్లు పెట్టలా? తలుపులేసి పెట్టలా?" అంది. అవి తాటాకు ఇళ్ళు అత్తయ్యా, ఆకు సందుల్లోంచి గాలాడుతుంది, ఇది రేకు అన్నా. చెవిటివాడి ముందు శంఖం.

దానియేలు చేత మూత పైకెత్తించి, పడకుండా మేకు కొట్టించా. ఇక మూసుకోదు. గెలిచాననుకున్నా.

డిసెంబరు 22

మాణిక్యం తలవైపు తలుపు సందు. వేలు పట్టేంత. అందులోంచి ఈల వేసినట్టు గాలొస్తోంది, నేరుగా దిండు మీదకి. దానియేలు లప్పం తెచ్చిచ్చాడు, పూడ్చెయ్యండి అని. స్టాకు వచ్చింది, దించుకోవాలి. రేపు పూడుస్తా.

డిసెంబరు 23

లప్పం పని కాలేదు. రేపు.

డిసెంబరు 25

దానియేలు ఇంట్లో పండగ. వాళ్ళావిడ మార్తమ్మ గిన్నెడు పలావు, కేకు ముక్కలు పంపింది. మాణిక్యం కేకు తిని, ఇంకోటుందా అంది. ఈ నెలలో తను ఏదైనా అడిగి తినడం ఇదే. అత్తయ్య మాంసం ముట్టదు, కేకులో గుడ్డేశారేమోనని వాసన చూసి పక్కన పెట్టింది. ముగ్గురం నవ్వుకున్నాం. తనకి నవ్వితే దగ్గొస్తుంది, అయినా నవ్వింది.

సాయంత్రం నుంచి నది మీద మంచు కమ్ముతోంది. క్రేను కనపడటం లేదు.

డిసెంబరు 26

అత్తయ్య పోయింది.

డిసెంబరు 28

ఇవాళ రాస్తా. రాయకపోతే ఎవరితో చెప్పను.

పొద్దున తలుపు కొడితే పలకలేదు. గొళ్ళెం విరగ్గొట్టా. వెచ్చగా ఉంది లోపల... ఎంత వెచ్చగానో. అత్తయ్య కుంపటి వైపు తిరిగి, చేయి తల కింద పెట్టుకుని పడుకుంది. మొహం ఎర్రగా, బాగా నిద్రపట్టినట్టు. చేయి పట్టుకుంటే బిగుసుకుపోయింది.

మాణిక్యానికి ఊపిరి ఉంది. కళ్ళు తెరవలేదు. దానియేలు, నేను బయటికి మోశాం.

తర్వాత పైకి చూశా. మూత తెరిచే ఉంది, మేకు మేకులాగే ఉంది. కన్నంలో కింది నుంచి గోధుమ రంగు చీర కుక్కి ఉంది. ఎర్ర అంచు వేలాడుతోంది. నేను వెళ్ళేదాకా ఆగి, బల్ల ఎక్కి, ఆ మంచు కూతురికి తగలకుండా తన చీర తీసి కుక్కిందన్నమాట.

కంపెనీ జీపులో ఇద్దర్నీ పెద్దాసుపత్రికి. ఒకర్ని వార్డుకి, ఒకర్ని ఇంకోవైపుకి. మాణిక్యం ఎలా బతికిందని అడిగితే డాక్టరు ఏవేవో అడిగి, తలుపు సందు అన్నారు. ఆ సందు. నేను రేపు రేపు అని పూడ్చని సందు.

లప్పం డబ్బా మూత కూడా తియ్యలేదు. స్టోర్సులో అలాగే ఉంది.

డిసెంబరు 29

కబురందుకుని బావమరిది రాములు వచ్చాడు. వాళ్ళమ్మని వ్యానులో ఊరు తీసుకెళ్ళాడు. నేను వెళ్ళలేదు, మాణిక్యాన్ని వదిలి ఎలా వెళ్ళను. వ్యాను ఎక్కేటప్పుడు నా వంక చూసి, "కుంపటి కొన్నది నువ్వే గదా బావా," అన్నాడు. అంతే అన్నాడు. నిజమే.

డిసెంబరు 30

మాణిక్యం మొదటి మాట: "అమ్మేదీ?"

డాక్టరు గారు ముందే చెప్పారు. గుండె బాగా అలిసింది, దిగులు పడితే తట్టుకోదు, కొన్నాళ్ళు ఏదీ చెప్పకండి అని. చెప్పా: "ఊరెళ్ళింది. రాములికి ఒంట్లో బాలేదని కబురొస్తే."

"నాకు చెప్పకుండానా?"

"నువ్వు నిద్రలో ఉన్నావు."

మొహం అటు తిప్పుకుంది. "కొడుకంటే పరిగెత్తుద్ది. ఎప్పుడూ అంతే," అంది. కోపంగా. చచ్చిపోయిన అమ్మ మీద అలిగింది, నేను చూస్తూ కూర్చున్నా.

1977 జనవరి 1

ఆసుపత్రిలో మంచం ఇవ్వలేమన్నారు. మళ్ళీ ఇదే డబ్బాలోకి.

కుంపటి కృష్ణలో పడేశా. అందరూ కాలెండర్లు పంచుకుంటున్నారు.

జనవరి 3

ఇప్పుడు ఇటుకలు.

బాయిలర్ లోపల కట్టే ఫైర్ బ్రిక్కులు. విరిగినవి స్టోర్సు వెనక గుట్టగా ఉన్నాయి. ఇంజనీరు గారినడిగితే, "విరిగినవే తీసుకోవయ్యా," అన్నారు. బయట చితుకుల మంటలో కాల్చి, గోనెలో చుట్టి మాణిక్యం బల్ల కింద పెడుతున్నా. పొగ లేదు, విషం లేదు. బాయిలర్‌కి ఆగే వేడి కాసేపు మాకూ ఆగుతుంది.

కాసేపే. రేకు తాగేస్తుంది. కోడి కూసే వేళకి ఇటుక చల్లబడుతుంది, సరిగ్గా నది గాలి లేచే వేళకి. అప్పుడు లేచి మళ్ళీ కాల్చాలి. నా చేతులు కాలాయి. మాణిక్యం చూసి, "అమ్మ ఉంటే వెన్న రాసేది," అంది.

జనవరి 4

"ఉత్తరం ముక్కైనా రాయదేం అమ్మ?"

"రాయడం వచ్చా ఆవిడకి?"

"రాములికొచ్చు గదా."

అబద్ధం ఒకటి చెప్తే దానికి రోజూ గంజి పట్టించాలి.

జనవరి 5

పెద్దకర్మ. మందులకి బెజవాడ వెళ్తున్నానని మాణిక్యంతో చెప్పి, తనని మార్తమ్మకి అప్పగించి తొలి బస్సుకి ఊరు పోయా. రాములు గుండుతో, తడి పంచెతో పిండం పెడుతుంటే దూరంగా నిలబడ్డా. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. భోజనాల్లో పక్కాయన, "పోన్లే, కూతురి దగ్గర పోయింది, సుఖంగా పోయింది," అన్నాడు. వడ ఆకులో వదిలేసి లేచా.

మగ్గం చూశా. సగం నేసిన బట్ట అలాగే ఉంది, గుంటలో ఆవిడ పీట. ఆ గది కిటికీలకి ఇప్పటికీ గుడ్డలు కుక్కి ఉన్నాయి.

జనవరి 6

జ్వరం తనకి. ఇటుకలు పెడితే చెమటలు, తీస్తే వణుకు.

జనవరి 8

రాములు వస్తానని కబురు పెట్టాడు. అక్కని చూడాలట. ఆ గుండుతో ఎలా వస్తావురా.

జనవరి 9, ఆదివారం

వచ్చాడు. తలకి తువ్వాలు చుట్టుకుని. బస్టాపులోనే అనుకున్నాం — అడిగితే తిరపతి వెళ్ళొచ్చా అని చెప్పాలి.

మాణిక్యం లేచి కూర్చుంది. వాణ్ణి చూస్తే ప్రాణం లేచొచ్చింది తనకి. "తువ్వాలు తియ్యరా, ఎండ లేదుగా," అంది. వాడు తీశాడు.

తను కాసేపు చూసింది.

"తిరపతి వెళ్ళొచ్చానక్కా."

"ఒంట్లో బాలేదన్నారు గదరా నీకు?"

"అందుకే మొక్కుకున్నా."

"అమ్మ కూడా వచ్చిందా?"

"లేదు... ఇంట్లోనే ఉంది."

తల ఊపింది. వాడి గుండు మీద చెయ్యి పెట్టి నిమిరింది. నిమురుతూనే, మామూలుగా, "ప్రసాదం ఏదిరా?" అంది.

వాడు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశా. ఇద్దరు మొగాళ్ళం బస్టాపులో అంతసేపు కూర్చుని ఒక్క లడ్డూ సంగతి ఆలోచించలేదు. "బస్సులో మర్చిపోయా," అన్నాడు వాడు. తను ఊఁ అని, కాఫీ ఇవ్వు వాడికి అంది నాతో.

బయట రాములు గోడకి ఆనుకుని ఏడ్చాడు. రేకు గోడ, అవతల ఏం జరిగినా వినపడుతుంది. నోరు మూసి లాక్కుపోయా. బస్సెక్కేముందు, "నేనన్న మాట మనసులో పెట్టుకోకు బావా," అన్నాడు. ఏది మనసులో పెట్టుకోవాలో ఏది వద్దో మనం చెప్తే వింటుందా.

జనవరి 10

మాణిక్యం అమ్మ సంగతి ఎత్తలేదు. రోజంతా.

ఇంజనీరు గారు పిలిచారు. "పండగ వెళ్ళగానే నువ్వుంటున్న ట్రైలర్ కావాలయ్యా, పైప్‌లైను సర్వేకి. నువ్వు వరండాలో ఒక మూల సర్దుకో." వరండాకి గోడ ఒకవైపే. సరేనండి అన్నా. కాదంటే ఎక్కడికి పోతా.

గోరుచుట్టు మీద రోకటిపోటు. చేతికి కూడా నొప్పి తెలియడం మానేసింది.

జనవరి 11

ఇవాళ కూడా అడగలేదు. అడిగితే బాగుండునని ఉంది.

సూది వేయించా. డాక్టరు గారు స్టెతస్కోపు తీసి, మాణిక్యాన్ని బయట కూర్చోమని, నా భుజం తట్టారు. అంటే ఏమిటో నాకు తెలుసు, నేనేం చంటిపిల్లాణ్ణి కాదు.

జనవరి 12

ఇటుకలు. ఇటుకలు. కాల్చడం, చుట్టడం, పెట్టడం, తియ్యడం. "నిద్రపో బావా, మానెయ్యి," అంటుంది. మానేస్తే ఇంకేం పని నాకు.

కూలీల పాకల దగ్గర రేపటి భోగికి పెట్టె చెక్కలు, రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్లు పోగేస్తున్నారు. తారు పూసిన స్లీపర్లు వద్దురా అని చెప్పొచ్చా. నవ్వారు. పండగ రోజు ఎవరి మాట ఎవరు వింటారు.

జనవరి 13, భోగి

ఇంకా తెల్లారలేదు. పొగ చూసి వచ్చి దానియేలు గుమ్మం బయట నిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నా, రాస్తే ఏం చెయ్యాలో తెలుస్తుందేమోనని.

మంట వేశారు. గాలి ఇటు తిరిగి పొగ పైకప్పు కన్నంలోంచి దిగింది, నల్లగా, తారు వాసనతో. మాణిక్యం లేచి కూర్చుని గుండె పట్టుకుంది. మూత మూద్దామంటే నేను కొట్టించిన మేకు. పీకడానికి పనిముట్టు స్టోర్సులో. బల్ల కింద నా పెట్టెలో చెయ్యి పెట్టి, చేతికందిన గుడ్డ లాగి, బల్లెక్కి కుక్కేశా. లోపల ఇప్పుడు నిప్పు లేదు గదా, మూసినా భయం లేదు. పొగ ఆగింది. ఊపిరి పీల్చుకుని కిందికి దిగా.

మాణిక్యం లాంతరు ఎత్తి పైకి చూస్తోంది. ఎర్ర అంచు వేలాడుతోంది.

ఆ చీర దాచిందే నేను. పారెయ్యలేక, రాములికివ్వలేక, ఆ పెట్టెలో అడుగున. మర్చిపోయా అంటే ఎవరు నమ్ముతారు. నేనే నమ్మను.

"అది అమ్మ చీర."

నేను మూత తెరిచున్న పెట్టె వంక చూశా.

"రెండే తెచ్చుకుంది. ఒకటి కట్టుకుని పోయింది. ఇదిక్కడుంది."

పెట్టెని కాలితో బల్ల కిందికి తోశా.

"అప్పుడు కూడా అక్కడే పెట్టిందా?"

తలూపా. అబద్ధానికి ఇంక ఓపిక లేదు నాకు.

చాలాసేపు ఊపిరి సర్దుకుంది. ఏడుస్తుందనుకున్నా. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి. "ప్రసాదం లేకుండా తిరపతి నుంచి ఎవరొస్తారు బావా," అంది. అంటే ఆదివారం నుంచీ తెలుసు. తెలిసి, నేను ఇటుకలు మోస్తుంటే చూస్తూ, నేను చెప్పే పిచ్చి అబద్ధాలన్నీ విని, ఊఁ కొట్టింది. ఎవర్ని ఎవరు కాపాడుతున్నామో ఇన్నాళ్ళూ.

"తిట్టుకున్నా బావా అమ్మని. కొడుకంటే పరిగెత్తుద్దని."

"తెలియక అన్నావు."

"అది వినుంటే నవ్వేది."

తర్వాత, "అది తీసి ఇటివ్వు," అంది. తీసిచ్చా. ఒడిలో పెట్టుకుని మడత సర్దింది, అంచు మీద మసి గోటితో గీకింది. కన్నంలోంచి మళ్ళీ పొగ దిగుతోంది.

"నన్ను మంట దగ్గర కూర్చోబెట్టు."

"పొగ మాణిక్యం. డాక్టరు గారు —"

"పొగ వద్దు, గాలి వద్దు. ఇంక మిగిలిందేమిటి? నెల నుంచి ఎముకల్లో వణుకుతున్నా. ఒక్కసారి ఒళ్ళంతా వెచ్చబడాలి బావా. అమ్మకైనా చివర్న వెచ్చగా ఉంది."

దానియేలు వింటూ, "ఇనప కుర్చీ తెచ్చానండీ," అన్నాడు మెల్లగా. గాలి ఎటుందని అడిగా. "నది నుంచేనండీ. నిలకడగా లేదు."

పండగ వెళ్ళగానే ఈ డబ్బా పోతుంది. వరండాలో ఒకవైపే గోడ. డాక్టరు గారు భుజం తట్టారు. కాదని ఎందుకంటున్నానో, ఔనని ఎందుకు అనలేకపోతున్నానో...

మంట పెద్దదైంది, ఇక్కడికి చిటపటలు వినపడుతున్నాయి. తను చీర భుజాల చుట్టూ కప్పుకుంది. ఇటుకలు బల్ల కింద చల్లగా ఉన్నాయి. నేను రాస్తున్నా. తను కాళ్ళు కిందికి దించి, చెప్పుల కోసం వెతుక్కుంటోంది.